ఎర్తు దగ్గర మొదలుపెట్టండి: ఫ్రాన్సులో సొంత ఇంటికి సొంతంగా వైరింగ్

(తులూజ్‌లో తెలుగువాళ్లం కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? సరే.

ముందుగా ఒక మాట. నేను ఎలక్ట్రీషియన్‌ని కాదు. నేనూ మా ఆయనా తార్న్ జిల్లాలో ఒక పాత రాతి ఇల్లు కొన్నాం, దానికి మొదటి నుంచి చివరి దాకా కొత్త వైరింగ్ మా చేతులతో చేసుకున్నాం. ఏడాదిన్నర పట్టింది. అందులో మొదటి నాలుగు నెలలు స్క్రూడ్రైవర్ పట్టుకోలేదు, చదివాం. ఇవాళ నేను చెప్పేది ఎక్కువగా ఆ నాలుగు నెలల గురించే. మీలో పాత ఇల్లు కొందామనుకుంటున్నవాళ్లు ఐదారుగురు ఉన్నారని తెలుసు. ఎక్కువగా వాళ్లని చూస్తూ మాట్లాడతాను, మిగతావాళ్లు ఏమీ అనుకోకండి.

అందరూ నన్ను అడిగే మొదటి ప్రశ్న: ఫ్రాన్సులో మన ఇంటికి మనమే వైరింగ్ చేసుకోవచ్చా? చేసుకోవచ్చు. చట్టం ఆపదు. కానీ చేసింది నిబంధన ప్రకారం ఉండాలి. ఆ నిబంధన పేరు ఎన్.ఎఫ్. సి 15-100. 2002 కూర్పు చాలా ఏళ్లు నడిచింది, దానికి 2015లో ఒక పెద్ద సవరణ వచ్చింది, 2024లో మొత్తం పుస్తకాన్నే మార్చి విడివిడి భాగాలుగా వేశారు. ఈ ఏళ్లు ఎందుకు చెబుతున్నానంటే, మీరు ఇంటికెళ్లి వీడియోలు చూస్తారు. అందులో సగం పాతవి. 2015కు ముందు వీడియో అయితే 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు మీద ఎనిమిది సాకెట్లే పెట్టాలంటాడు. తర్వాతదైతే పన్నెండు అంటాడు. పాత వీడియోలో బాత్‌రూమ్‌లో టబ్బు చుట్టూ గీసే హద్దుల్లో వాల్యూమ్ 3 అని ఒకటి ఉంటుంది, ఇప్పుడు అది లేదు. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు, ఎవరి కాలం నిబంధన వాళ్లు చెబుతున్నారు. కాబట్టి వీడియో తెరవగానే ముందు తేదీ చూడండి.

అసలు పుస్తకం కొనాలా? ఫ్రాన్సులో ప్రమాణాలు వేసే సంస్థ ఆఫ్నోర్ అమ్ముతుంది, చాలా ఖరీదు, పైగా వృత్తిలో ఉన్నవాళ్ల కోసం రాసింది. మేము ప్రోమోతెలెక్ సంస్థ వాళ్ల గైడ్లు, లెగ్రాండ్, ష్నైడర్ లాంటి కంపెనీల గైడ్లు, కోన్సుయెల్ సైటులో ఉన్న కాగితాలు చదివాం. కోన్సుయెల్ అంటే ఏమిటో తర్వాత చెబుతాను. ఇవన్నీ ఫ్రెంచిలోనే ఉంటాయి, కానీ భయపడకండి. వైరింగ్ ఫ్రెంచిలో మాటలు తక్కువ, బొమ్మలు ఎక్కువ. ఒక యాభై మాటలు నేర్చుకుంటే చాలు.

మొదటి నెల నేను చేసిన పని ఏమిటంటే, నంబర్లు రాసుకుని బట్టీ పట్టడం. గదికి ఎన్ని సాకెట్లు, ఏ వైరుకి ఏ బ్రేకరు, ఎంత ఎత్తు. వారం తిరిగేసరికి అన్నీ కలగాపులగం అయిపోయేవి. తర్వాత ఒక రోజు మా ఆయన అడిగారు, ఎర్తు 100 ఓములు దాటకూడదని రాశావు, ఎందుకు 100? 80 ఎందుకు కాదు, 200 ఎందుకు కాదు? నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి కూర్చుని వెతికాను. ఆ జవాబు దొరికాక మిగతా పుస్తకం అర్థమవడం మొదలైంది. అందుకే ఇవాళ కూడా అక్కడే మొదలుపెడతాను. ఎర్తు దగ్గర.

మాది తెనాలి. మా ఇంటి పెరట్లో ఎర్తు గుంట ఉండేది, బొగ్గూ ఉప్పూ వేసి పూడ్చింది. ఎండాకాలం వస్తే అమ్మ రెండు రోజులకోసారి దాంట్లో బిందెడు నీళ్లు పోసేది. ఎందుకమ్మా అంటే, పొయ్యకపోతే ఫ్రిజ్జు షాక్ కొడుతుంది అనేది. మీ ఇళ్లల్లోనూ పోసేవారు కదా? చేతులెత్తండి చూద్దాం. ఆ, చూశారా, ఎంతమందో. అమ్మ చెప్పింది అక్షరాలా నిజం. మట్టి ఎండిపోతే కరెంటుకి దారి ఇవ్వదు. ఆ దారి ఎంత ఇరుకో చెప్పేదే ఓముల లెక్క.

ఇప్పుడు 100 సంగతి. ఇక్కడ మీటరు దగ్గర ఒక మెయిన్ బ్రేకరు ఉంటుంది. ఇళ్లల్లో మామూలుగా ఉండే రకం 500 మిల్లీ ఆంపియర్లు నేలలోకి లీకయితే పడిపోతుంది, కరెంటు ఆపేస్తుంది. అంటే అర ఆంపియరు. ఎర్తు 100 ఓములు అనుకోండి. అరని 100తో గుణించండి. ఎంత? 50 వోల్టులు. పొడిగా ఉన్నచోట మనిషి తట్టుకుంటాడని వేసుకున్న హద్దు ఆ 50 వోల్టులే. అంటే ఏమిటి? వాషింగ్ మెషిన్ లోపల ఫేజు వైరు ఊడి రేకుకి తగిలింది. ఆ రేకు మీద వోల్టేజి 50 దాటేలోపు మెయిన్ పడిపోవాలి. ఎర్తు 200 ఓములు ఉంటే? అప్పుడు 100 వోల్టుల దాకా వచ్చినా మెయిన్ పడదు. మీ పిల్ల వచ్చి ఆ మెషిన్ మీద చెయ్యి వేస్తుంది. అదీ సంగతి. ఆ 100 అనే అంకె వెనకాల ఒక పిల్ల చెయ్యి ఉంది. ఇది తెలిశాక ఆ అంకె నాకు మళ్లీ మరుపు రాలేదు.

మరి మేము కొన్న ఇంట్లో ఎర్తు ఎలా ఉంది? అమ్మకం కాగితాల్లో కరెంటు డయాగ్నస్టిక్ అని ఒకటి ఇచ్చారు. వైరింగ్ 15 ఏళ్లు దాటిన ఇల్లు అమ్మాలంటే ఆ పరీక్ష తప్పనిసరి, 2009 నుంచి ఉంది. ఇళ్లు చూస్తున్నవాళ్లు దయచేసి ఆ కాగితం మొత్తం చదవండి. తప్పులన్నీ అందులో రాస్తారు. అమ్మేవాళ్లు వాటిని బాగు చేయించి తీరాలన్న నియమం లేదు, కానీ ధర మాట్లాడేటప్పుడు అది మీ చేతిలో ఉండాలి. మా కాగితంలో చాలా గదుల్లో ఎర్తు లేదని రాశారు.

లోపలికి వెళ్లి చూస్తే, గోడల మీద చెక్క పట్టీలు, వాటి లోపల గుడ్డ చుట్టిన వైర్లు, పింగాణీ ఫ్యూజులు. అవన్నీ పాతవని చూడగానే తెలుస్తుంది, అందుకని అంత భయం లేదు. నాకు భయం వేసింది వేరే దాన్ని చూసి. హాల్లో నాలుగు కొత్త సాకెట్లు, తెల్లగా, చక్కగా ఉన్నాయి. ఇక్కడి సాకెట్లో ఎర్తు పిన్ను ముందుకి పొడుచుకుని ఉంటుంది కదా, అదీ ఉంది. విప్పి చూస్తే ఆ పిన్ను వెనకాల వైరే లేదు! ఊరికే పిన్ను. ఎవరు పెట్టారో తెలియదు. పాత రెండు రంధ్రాల సాకెట్ కంటే ఇది ప్రమాదం. దాన్ని చూస్తే ఎర్తు లేదని తెలుస్తుంది, జాగ్రత్త పడతాం. ఇది ఉన్నట్టు కనిపిస్తుంది. పాత ఇల్లు కొంటే ముందు చేయాల్సిన పని, ఒక్కో సాకెట్టూ పరీక్షించడం.

ఇక్కడ ఒక పక్క మాట, మన వంటింటి గురించి. మనం ఊరి నుంచి మిక్సీలు, గ్రైండర్లు తెచ్చుకుంటాం. మన ప్లగ్గు ఇక్కడ పట్టదు, కాబట్టి అడాప్టర్ పెడతాం. 230 వోల్టులు, 50 హెర్ట్జ్, రెండు చోట్లా ఒకటే, పనిచేస్తుంది. కానీ చవక అడాప్టర్లలో చాలావాటికి ఎర్తు ఉండదు. మూడో పిన్ను రంధ్రంలోకి వెళ్తుంది, అక్కడే ఆగిపోతుంది. స్టీలు బాడీ గ్రైండరు, తడి చేతులు, ఎర్తు లేదు. ఆలోచించండి. ప్లగ్గు కోసి ఇక్కడి ఎర్తు ప్లగ్గు బిగించుకోండి, పది నిమిషాల పని.

సరే, మళ్లీ మా ఎర్తుకి వద్దాం. గోడ పక్కన నేలలో రెండు మీటర్ల లోతుకి కడ్డీ దించాం. సెప్టెంబరులో కొలిస్తే 180 ఓములు వచ్చింది. వేసవి అంతా వాన లేదు, రాతి నేల. వర్షాలు పడ్డాక కొలుద్దామా అనుకున్నాం. అనుకుని, వద్దనుకున్నాం. ఎండు నేలలో సరిపోతేనే ఏడాదంతా సరిపోతుంది. కాస్త దూరంగా, కడ్డీ పొడవుకి మించిన దూరంలో, ఇంకోటి దించి రెంటినీ కలిపాం. 85కి వచ్చింది. ఆ రోజు మా ఆయనా నేనూ పండగ చేసుకున్నాం.

ఇప్పుడు బోర్డు, అంటే ఇంటి బ్రేకర్లన్నీ బిగించే పెట్టె. నేను తెచ్చిన బోర్డు అదిగో, బల్ల మీద ఉంది, తర్వాత చూద్దురు గాని. అందులో పైన రెండు పెద్దవి కనిపిస్తాయి, వాటిని డిఫెరాన్సియెల్ అంటారు, 30 మిల్లీ ఆంపియర్లవి. ఇంటికి కనీసం రెండు ఉండాలి. ఒక్కోదాని కింద ఎనిమిది సర్క్యూట్లకి, అంటే ఒక్కో బ్రేకరు నుంచి వెళ్లే వైరు దారులకి, మించకూడదు. రెండు ఎందుకు? ఒకటి పడిపోయినా ఇల్లు మొత్తం చీకటి కాకూడదు. అందుకే వంటింటి లైట్లూ వంటింటి సాకెట్లూ ఒకే దాని కింద పెట్టకుండా చూసుకున్నాం. కత్తి పట్టుకుని ఉన్నప్పుడు మిక్సీ వల్ల సాకెట్లు పోతే, లైటన్నా ఉండాలి కదా.

ఈ డిఫెరాన్సియెల్ ఏం చేస్తుంది? ఫేజులో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు, రెండూ సమానమా కాదా అని చూస్తుంది. అంతే. తేడా వచ్చిందంటే ఎక్కడో మధ్యలో నేలలోకి పోతోందని అర్థం. అది మెషిన్ రేకులోంచి కావచ్చు, మనిషి ఒంట్లోంచి కావచ్చు. తేడా 30 మిల్లీ ఆంపియర్లకి చేరేలోపు కట్ చేసేస్తుంది. అంతకంటే ఎక్కువ ఒంట్లోంచి పోతూ ఉంటే ఊపిరి ఆడదు, గుండె లయ తప్పుతుంది. ఎర్తు బాగుంటే మెషిన్ పాడైన క్షణంలోనే, ఎవరూ ముట్టుకోకముందే ఇది పడిపోతుంది. ఎర్తు లేకపోతే, మనిషి ముట్టుకున్నాకే పడుతుంది. ఈ తేడా అర్థమైందా? ఇంకోసారి చెబుతాను. ఎర్తు ఉంటే మనిషి కంటే ముందు. ఎర్తు లేకపోతే మనిషి ద్వారా.

నేను చేసిన పెద్ద తప్పు కూడా ఇక్కడే. మన దగ్గర ఇళ్లల్లో బ్రేకరు ఎక్కువగా ఫేజునే కట్ చేస్తుంది, న్యూట్రల్స్ అన్నీ ఒక పట్టీ మీద కలిపేస్తారు. నాకు బుర్రలో అదే ఉండిపోయింది. ఇక్కడ బ్రేకరు ఫేజునీ న్యూట్రల్‌నీ రెంటినీ కట్ చేయాలి. ప్రతి సర్క్యూట్‌కీ దాని న్యూట్రల్ దానిదే. నేను వసారా లైటు న్యూట్రల్‌ని జంక్షన్ బాక్సులో పక్క సర్క్యూట్ న్యూట్రల్‌తో కలిపేశాను, అది రెండో డిఫెరాన్సియెల్ కిందది. తర్వాత ఏమైంది? లైటు వేయగానే రెండు డిఫెరాన్సియెల్‌లూ పడిపోయేవి. లైటు మార్చాను, స్విచ్ మార్చాను. మూడు రోజులు వెతికాను. లీకు ఎక్కడా లేదు. ఒక దాంట్లోంచి వెళ్లిన కరెంటు ఇంకోదాంట్లోంచి తిరిగొస్తోంది, రెంటికీ లెక్క తేడా వస్తోంది! అది పడిపోవడమే సరైన పని. అది తన పని తాను చేస్తోంది, నేనే దాని మాట అర్థం చేసుకోలేదు.

బ్రేకర్లు, వైర్ల గురించి ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. బ్రేకరు కాపాడేది మెషిన్‌ని కాదు, గోడలో ఉన్న వైరుని. 1.5 వైరుకి 16 ఆంపియర్లు దాటకూడదు. సాకెట్లకి 2.5 వైరు వేస్తే 20. కరెంటు పొయ్యికి 6 వైరు, 32. మాటిమాటికీ బ్రేకరు పడిపోతోందని పెద్ద బ్రేకరు పెడతారు చూడండి, అప్పుడు ఏమవుతుంది? బ్రేకరు పడదు. గోడలో వైరు వేడెక్కుతుంది. మీకు కనపడదు. పాత ఇంట్లో గోడ వెనకాల ఎండిన చెక్క ఉంటుంది.

ఓవెన్‌కి విడిగా ఒక సర్క్యూట్, వాషింగ్ మెషిన్‌కి విడిగా, డిష్‌వాషర్‌కి విడిగా. ఇవన్నీ బోర్డు నుంచి నేరుగా రావాలి, మధ్యలో వేరే సాకెట్‌కి పంచకూడదు. వంటింట్లో కనీసం ఆరు సాకెట్లు, అందులో నాలుగు వంట గట్టు మీద. సింకు పైనా పొయ్యి పైనా పెట్టకూడదు. ఆరు ఎందుకంటే, లేకపోతే మల్టీప్లగ్గు పెడతాం, దాని మీద ఇంకో మల్టీప్లగ్గు. మన ఇంట్లో మిక్సీ, గ్రైండరు, రైస్ కుక్కరు, కెటిల్. నేను ఆరు కాదు, పది పెట్టుకున్నాను, రెండు సర్క్యూట్ల మీద. నిబంధన చెప్పేది కనీసం మాత్రమే. మీ వంటేమిటో మీకు తెలుసు. బెడ్‌రూమ్‌కి మూడు, హాలుకి ప్రతి 4 చదరపు మీటర్లకి ఒకటి, కనీసం ఐదు. మిగతా పట్టికలు ఏ గైడులోనైనా ఉంటాయి, అవి ఇక్కడ చదివి మీ టైము తినను.

బాత్‌రూమ్ మాత్రం వదలకూడదు. ఒళ్లు తడిసి ఉంటుంది, కాళ్లకి చెప్పులుండవు. మిగతా ఇంట్లో 50 వోల్టులు హద్దు అన్నాను కదా, ఇక్కడ ఆ లెక్క చెల్లదు, తడి చర్మం కరెంటుని ఆపదు. అందుకే వాల్యూమ్‌లు అని గీతలు గీశారు. టబ్బు లోపల వాల్యూమ్ 0. దాని పైన 2.25 మీటర్ల ఎత్తు దాకా వాల్యూమ్ 1. దాని చుట్టూ 60 సెంటీమీటర్లు వాల్యూమ్ 2. మామూలు సాకెట్ ఈ మూడింటికీ బయట ఉండాలి. 60 సెంటీమీటర్లు ఏమిటి, చెయ్యి చాపితే అందుతుంది కదా అని నాకూ అనిపించింది. అది కనీసం మాత్రమే, కుదిరితే ఇంకా దూరం జరపండి. ఇంకో సంగతి, తొట్టి లేకుండా నేల మీదే కట్టే షవర్లు ఇప్పుడు అందరికీ ఇష్టం. వాటికి నీళ్లు బయటికి వచ్చే స్థిరమైన చోటు నుంచి 1.20 మీటర్ల దాకా వాల్యూమ్ 1 పోతుంది. టైల్స్ వాళ్లతో మాట్లాడే ముందే కాగితం మీద ఈ గీతలు గీసుకోండి. మేము షవరు గోడ మార్చాం, దాంతో ముందే పెట్టుకున్న సాకెట్ లోపలికి వచ్చేసింది. టైల్స్ వేయకముందు చూసుకున్నాం కాబట్టి సరిపోయింది.

పని చేసేటప్పుడు జాగ్రత్త ఒకటి. మెయిన్ ఆపేశాం కదా అని చెయ్యి పెట్టకండి. టెస్టర్ స్క్రూడ్రైవర్ని నమ్మకండి. రెండు పుల్లల టెస్టర్ కొనుక్కోండి. ముందు కరెంటు ఉన్న సాకెట్ మీద చూడండి, అది పనిచేస్తోందని తెలియాలి. తర్వాత మీరు పనిచేసే చోట చూడండి. మళ్లీ వెళ్లి ఉన్నచోట చూడండి. మూడుసార్లు. ఏడాదిన్నరలో ఒక్క రోజు కూడా మేమిది మానలేదు. మీటరూ, మెయిన్ బ్రేకరూ మనవి కావు, కరెంటు లైన్లు నడిపే ఎనెదిస్ కంపెనీ వాళ్లవి. వాటికి ముందున్న వైరు జోలికి ఎప్పుడూ వెళ్లకూడదు.

ఇక కోన్సుయెల్, వైరింగ్ నిబంధన ప్రకారం ఉందో లేదో చూసే సంస్థ. కొత్త ఇల్లు కట్టినా, మాలాగా మొత్తం కరెంటు తీయించి వైరింగ్ అంతా మార్చినా, మళ్లీ కరెంటు ఇవ్వాలంటే వాళ్ల ముద్ర పడిన కాగితం కావాలి. ఇళ్లకి పసుపు రంగు ఫారం. ఒకటి రెండు గదుల్లో మార్పులు చేసుకుంటే అది అక్కర్లేదు. ఎలక్ట్రీషియన్లు కట్టేదానికంటే మనం కట్టే రుసుము ఎక్కువ. మా ఇంటికి ఒకాయన వచ్చారు. నాకు చాలా టెన్షన్. ఎర్తు కొలిచారు, బోర్డు మూత తీశారు, ప్రతి డిఫెరాన్సియెల్‌నీ నొక్కి చూశారు, బాత్‌రూమ్‌లో టేపు పెట్టి కొలిచారు. ఒక తప్పు దొరికింది. బాత్‌రూమ్‌లో ఇనుప షవరు తొట్టినీ రాగి పైపునీ ఎర్తుతో కలపాలి, నేను పైపు ఒక్కటే కలిపాను, తొట్టి మర్చిపోయాను. రిపోర్టులో రాశారు. 4 వైరుతో కలిపాం, సరిచేశామని పంపాం, ముద్ర వచ్చింది.

ఆయన వెళ్లేటప్పుడు నేను అడిగాను, తొట్టి కలపకపోతే నిజంగా ఏమవుతుంది అని. ఆయన విసుక్కోలేదు, నిలబడి చెప్పారు. పైపు మీదకి ఎక్కడి నుంచో వోల్టేజి వచ్చిందనుకోండి, కాళ్లు తొట్టిలో ఉన్నాయి, చెయ్యి కొళాయి మీద ఉంది. తొట్టికీ కొళాయికీ తేడా ఉంటే ఆ తేడా మన గుండె మీదుగా పోతుంది. రెంటినీ కలిపేస్తే రెండూ ఒకే వోల్టేజి మీద ఉంటాయి, తేడా ఉండదు. వైరు పక్షి మీద వాలినట్టు... కాదు కాదు, పక్షి వైరు మీద వాలినట్టు. పక్షికి ఎందుకు షాక్ కొట్టదు? రెండు కాళ్లూ ఒకే వైరు మీద ఉంటాయి కాబట్టి.

ఆ వాక్యం నా నోట్సులో ఇప్పటికీ ఉంది. ఇక ప్రశ్నలు అడగండి. లేదా ముందు బల్ల దగ్గరికి రండి, బోర్డుకి కరెంటు లేదు, మూత తీసే ఉంచాను. పిల్లలు కూడా రావచ్చు. నీలం వైరు న్యూట్రల్, పచ్చ-పసుపు చారలది ఎర్తు, మిగతా రంగులు ఫేజు. నేను పొరపాటు చేసిన ఆ న్యూట్రల్ చోటు ఎక్కడో మీరే కనిపెట్టండి, అలాగే బిగించి తెచ్చాను.